కాగితం మీద బీరు, రోడ్డు మీద మామిడి

నాయుడుపేటలో సప్లై చెయిన్ నేర్పడానికి పైసా ఖర్చు అక్కర్లేదు. కిటికీ తెరిస్తే చాలు. చెన్నై-కోల్‌కతా హైవే ఊరిని ఆనుకునే పోతుంది. పూతలపట్టులో బయల్దేరి తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా వచ్చే రోడ్డు ఇక్కడే దాంట్లో కలుస్తుంది. గూడూరు-చెన్నై రైలు మార్గం సరేసరి. మేనకూరులో సెజ్, కిందికి పోతే శ్రీసిటీ, పైకి పోతే కృష్ణపట్నం రేవు. వడ్ల లారీ వెనక ఏసీల కంటైనరు, దాని వెనక చాక్లెట్ల కంటైనరు, ఆ వెనక రొయ్యల మేత, మధ్యలో ఎవడో అడ్డంగా ఆపిన ట్రాక్టరు. పుస్తకంలో అధ్యాయాలకు అధ్యాయాలుగా ఉన్నదంతా బైపాస్ దగ్గర ఒక టీ తాగేలోపు కళ్ళముందు నుంచి వెళ్ళిపోతుంది.

చిక్కల్లా ఒక్కటే. కిటికీ తెరిస్తే ఏసీ చల్లదనం బయటికి పోతుంది. అందుకని మన మేనేజ్‌మెంట్ కాలేజీలు కిటికీలు బిగించి, కర్టెన్లు లాగి, ప్రొజెక్టరు వేసి, లోపల ఒక ఆట ఆడిస్తున్నాయి. ఆట పేరు బీర్ గేమ్. వెంకన్న కొండకు పోయే దారిలో బీరు మాట ఎత్తితే బాగుండదనో ఏమో, నేను చూసిన కాలేజీ బ్యానరు మీద ‘బెవరేజ్ గేమ్’ అని వేయించారు. తప్పు పట్టలేం. మందు అమ్మే సర్కారీ సంస్థ కూడా బెవరేజెస్ కార్పొరేషన్ అనే చెప్పుకుంటుంది కదా.

ఆట కొత్తదేమీ కాదు. 1960 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో జే ఫారెస్టర్ బృందం తయారుచేసింది. నాలుగు కుర్చీలు: దుకాణదారు, హోల్‌సేలరు, డిస్ట్రిబ్యూటరు, ఫ్యాక్టరీ. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఎన్ని పెట్టెలు కావాలో చీటీ మీద రాసి పైవాడికి పంపాలి. చీటీ పైకి చేరడానికి కొన్ని వారాలు, సరుకు కిందికి రావడానికి ఇంకొన్ని వారాలు. సరుకు మిగిలిపోతే పెట్టెకు వారానికి అర డాలరు ఖర్చు. అడిగినంత ఇవ్వలేకపోతే పెట్టెకు డాలరు. దుకాణానికి గిరాకీ మొదట్లో వారానికి నాలుగు పెట్టెలు, ఐదో వారం ఎనిమిది అవుతుంది. అంతే, ఆట అయిపోయేదాకా ఆ ఎనిమిదే. తాగేవాడు ఒక్కసారి మారి, తర్వాత బుద్ధిగానే ఉంటాడు. బుద్ధి తప్పేది మిగతా నలుగురే. దుకాణదారు కంగారుపడి పన్నెండు రాస్తాడు. హోల్‌సేలరు ఇరవై అంటాడు. డిస్ట్రిబ్యూటరు ‘ఎందుకైనా మంచిది’ అని నలభై అంటాడు. ఫ్యాక్టరీవాడు రాత్రి షిఫ్టు పెడతాడు. తీరా సరుకంతా ఒక్కసారిగా వచ్చిపడ్డాక అందరూ సున్నా రాసి చేతులు దులుపుకుంటారు.

ఇందులో నిజం ఉంది. అదే ఎంఐటీకి చెందిన జాన్ స్టెర్మన్ 1989లో ప్రచురించిన లెక్కల ప్రకారం, తెలివిగా ఆడితే అయ్యే ఖర్చుకు సగటు ఆటగాళ్ళు పది రెట్లు తగలేశారు. ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ తన పాంపర్స్ డైపర్ల ఆర్డర్లు చూసుకుని తల పట్టుకున్న సంగతి అన్ని పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది. పసిపిల్లలు ఎప్పటిలాగే పక్క తడుపుతున్నా, ఫ్యాక్టరీకి వచ్చే ఆర్డర్లు మాత్రం పూనకం వచ్చినట్టు ఊగేవి. దీనికి బుల్‌విప్ అని పేరు. కింద చిన్న కదలిక, పైకి పోయేకొద్దీ పెద్ద కొరడా దెబ్బ. కాబట్టి నా తగువు ఆటతో కాదు, ఆడించేవాళ్ళతో.

అసలు బీరు ఆటను మన ప్రభుత్వాలు ఎంఐటీ కంటే బాగా ఆడాయి. 2019 అక్టోబరు నుంచి ఐదేళ్ళపాటు ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. హోల్‌సేలరూ తనే, దుకాణదారూ తనే, ధర పెట్టేదీ తనే, పన్ను వేసేదీ తనే. ఫారెస్టర్ ఆటలో ప్రతివాడికీ కిందివాడి చీటీయే దిక్కు. మన ఆటలో ఆ చీటీ ఎవడికీ అక్కర్లేదు. ఏ బ్రాండు అడిగినా చేతికి వచ్చేది బూమ్ బూమ్ బీరే. గిరాకీ అంచనాలు, ఒడుదొడుకులు, కొరడా దెబ్బలు అన్నీ ఒక్క దెబ్బకు మాయం: ఉన్నది తాగు, లేకపోతే పో. పోయేవాళ్ళు పోయారు కూడా. నాయుడుపేట నుంచి తడ దాటితే తమిళనాడే కాబట్టి ఈ ప్రాంతం వాళ్ళకు ఆట నియమాలు పూర్తిగా వర్తించలేదు. తర్వాత ప్రభుత్వం మారింది, 2024 అక్టోబరులో లాటరీ తీసి 3,396 దుకాణాలను ప్రైవేటు వాళ్ళకు ఇచ్చారు. పాచికలు వేసి గొలుసు కట్టే పద్ధతి ఎంఐటీ వాళ్ళకు కూడా తట్టలేదు.

పక్క రాష్ట్రంలో ఇంకా మంచి పాఠం నడిచింది. 2025 జనవరి 8న యునైటెడ్ బ్రూవరీస్ కంపెనీ తెలంగాణకు కింగ్‌ఫిషర్ సరఫరా ఆపేసింది. గిరాకీ ఉంది, ఫ్యాక్టరీ ఉంది, సరుకు ఉంది, లారీ ఉంది. లేనిది డబ్బు. పాత బకాయిలు రాలేదని, 2019-20 నుంచి ధర పెంచలేదని కంపెనీ మొర. సంక్రాంతి పోయాక మళ్ళీ సరఫరా మొదలైంది, ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. ఇప్పుడు ఆ ఆట పెట్టె తెరిచి వెతకండి. చీటీ ఆలస్యానికి గడి ఉంది, సరుకు ఆలస్యానికి గడి ఉంది. డబ్బు ఆలస్యానికి గడి లేదు. ఆ ఒక్క గడి లేని ఆటతో ఈ దేశంలో వ్యాపారం నేర్పడమంటే, నీళ్ళు లేని చెరువులో ఈత నేర్పడమే. సరుకు రెండు రోజులు ముందువెనుకగానైనా వస్తుంది. బిల్లు ఎప్పుడు పాసవుతుందో బ్రహ్మకు కూడా తెలియదు.

నాయుడుపేట దాపుల్లో ఒక కాలేజీ వాళ్ళు ఈ ఆట చూడమని నన్నూ పిలిచారు. పేరెందుకు గానీ, మర్యాద బాగానే చేశారు. శాలువా కప్పారు, మొక్క ఇచ్చారు. బెంగుళూరు నుంచి వచ్చిన ట్రైనరు కాలర్ మైకు పెట్టుకుని ఇంగ్లీషులో ఉత్సాహపడుతున్నాడు. పిల్లలు టేబుళ్ళ చుట్టూ చేరి చీటీలు రాసుకుంటున్నారు. ఫ్యాక్టరీ కుర్చీలో కూర్చున్న కుర్రాడికి నాలుగు వందల పెట్టెల ఆర్డరు వచ్చింది. అదే చేత్తో వాడు ఇంకో నాలుగు వందలు తయారీకి రాశాడు. చివర్లో లెక్క తేల్చితే వాడి ఖర్చు అందరికంటే ఎక్కువ. హాలంతా చప్పట్లు, వాడూ నవ్వాడు. దివాలా తీసినవాడికి చప్పట్లు కొట్టే చోటు ఇంకోటి నేను చూళ్ళేదు. (చూశాను లెండి, కానీ అక్కడ దివాలా తీసినవాడికి బ్యాంకే చప్పట్లు కొడుతుంది.)

మధ్యాహ్నం భోజనాల దగ్గర అసలు తమాషా. పొట్లాలకు హెచ్‌ఓడీ ఒకసారి ఫోన్ చేశారట. ఆ సంగతి తెలియని కోఆర్డినేటరు ఇంకోసారి చేశారట. ఇద్దరి మీదా నమ్మకంలేని ఆఫీసు అటెండరు ముందురోజు సాయంత్రమే హోటలుకు వెళ్ళి నోటితో చెప్పి వచ్చాడట. సాంబారన్నం పొట్లాలు మెట్ల కింద గుట్ట పడ్డాయి. పెరుగన్నం మాత్రం ఎవరూ చెప్పలేదు. పొద్దుటి నుంచి నాలుగు టేబుళ్ళ మీద చీటీలతో నిరూపించిన సిద్ధాంతమంతా మెట్ల కింద ఆవిర్లు కక్కుతోంది. దాన్ని ఒక్కరైనా పిల్లలకు చూపిస్తారేమోనని ఆశపడ్డాను. చూపించలేదు. అటెండరును మాత్రం తిట్టారు. పొద్దున ఆట చివర ట్రైనరు తెరమీద వేసిన వాక్యం ఏమిటంటే: ‘తప్పు మనిషిది కాదు, వ్యవస్థది’.

ఆ మాటే నన్ను ఆ రోజు నుంచీ తొలుస్తోంది. వినడానికి ఎంత ఉదాత్తంగా ఉందో, వాడుకోవడానికి అంత అనువైన మాట. దుకాణదారుదీ తప్పు కాదు, ఫ్యాక్టరీదీ తప్పు కాదు, ఆలస్యాలున్నాయి కాబట్టి అలా జరిగింది. సరే, ఖర్చు మాత్రం ఎవడో ఒకడు పెట్టుకోవాలి కదా? ఆటలో అది ఎర్రసిరాతో రాసిన అంకె, బెల్లు కొట్టగానే చెరిపేస్తారు. బయట చెరిగిపోదు. నష్టపోయినవాడి పేరు రాయని చోట, నష్టపెట్టినవాడి పేరు రాసే పని ఎటూ ఉండదు.

భోజనాలయ్యాక ఆడించింది కంప్యూటరు ఆట. ది ఫ్రెష్ కనెక్షన్ అని, డచ్చి వాళ్ళ సరుకు. నష్టాల్లో మునిగిన పళ్ళరసాల కంపెనీ ఒకటి ఉంటుంది. కొనుగోళ్ళకు ఒకరు, ఉత్పత్తికి ఒకరు, అమ్మకాలకు ఒకరు, సప్లై చెయిన్‌కు ఒకరు చొప్పున నలుగురు వైస్ ప్రెసిడెంట్లు కలిసి దాన్ని గట్టెక్కించాలి. పెట్టుబడి మీద రాబడి ఎంత వస్తే అన్ని మార్కులు. ఆ కంపెనీ కొనే ముడిసరుకుల్లో మామిడి కూడా ఒకటి. తెరమీద మామిడి సరఫరాదారు ఒక పేరు, ఒక ధర, ఒక నాణ్యత అంకె. మౌస్‌తో నొక్కితే ధర తగ్గించమని బేరమాడొచ్చు. నచ్చకపోతే వాణ్ణి మార్చేయొచ్చు. వాడు ఏడవడు, కలెక్టరేటుకు రాడు.

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. పూతలపట్టు పక్కన పాకాల వైపు పిల్ల.

“సార్, దీంట్లో రైతు యాడుంటాడు సార్?”

ట్రైనరు ఓపిగ్గానే చెప్పాడు. “అది ఇంకా అప్‌స్ట్రీమ్ అమ్మా. మన స్కోప్‌లోకి రాదు.”

ఆ అమ్మాయి కూర్చుంది. నాయుడుపేటకు వచ్చే రోడ్డుకు సరిగ్గా అవతలి కొసన, పూతలపట్టు చుట్టుపక్కల, 2025 జూన్‌లో ఏం జరిగిందో తెలిసిన మనిషి ఆ హాల్లో ఆమె ఒక్కతేనేమో.

జరిగింది ఇదీ. చిత్తూరు జిల్లాలో తోతాపురి విరగకాసింది. తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే రకం. ఫ్యాక్టరీల వాళ్ళేమో పోయినేటి గుజ్జే డ్రమ్ముల్లో మిగిలిపోయింది, ఎగుమతులు పడిపోయాయి అన్నారు. అంటే ముందటి ఏడాది అందరూ ఎగబడి నింపుకున్నారు, ఈ ఏడాది అందరూ సున్నా రాశారు. బీరు ఆటలో ఇరవయ్యో వారం ఏం జరుగుతుందో అచ్చంగా అదే. తేడా ఎక్కడంటే, ఆటలో ఫ్యాక్టరీవాడు సున్నా రాస్తే గొలుసు అక్కడితో ఆగిపోతుంది. చిత్తూరులో ఆగదు. ‘ఈ వారం ఆర్డరు సున్నా’ అని మామిడిచెట్టుకు చీటీ పంపలేం. అది కాసేస్తుంది. అయిదేళ్ళు కష్టపడి పెంచిన చెట్టు, కాయకపోతే తిట్టుకున్న చెట్టు, కొనేవాడు లేని ఏడాదే చూసి మరీ కాస్తుంది. ఆటలో నిల్వ ఖర్చు పెట్టెకు అర డాలరు. తోటలో నిల్వ ఖర్చు కాయంతా. కోస్తే నాలుగు రోజుల్లో మెత్తబడుతుంది, కోయకపోతే చెట్టుకిందే రాలుతుంది.

ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు బారులు తీరాయి. రాత్రిళ్ళు లోడు మీదే నిద్రలు. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని లెక్క కట్టింది: ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, సర్కారు 4 కలుపుతుంది. ఆ 8 కూడా ఇవ్వడం లేదని రైతులు గగ్గోలు పెట్టారు. జూన్ 7న ఇతర రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకూడదని ఉత్తర్వు వచ్చింది. సరిహద్దు అవతల కోలారు వైపు రైతులు లబోదిబోమన్నారు, కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆంధ్ర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుకు ఉత్తరం రాశారు. జూలై 9న మాజీ ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి మామిడి రైతులను చూడడానికి బంగారుపాళెం వచ్చారు, ఆ రోజు కాయలు రోడ్డు మీద పడ్డాయి, బండ్లు వాటిని తొక్కాయి. కాయలు ఎవరు పోశారన్న దాని మీద వాళ్ళిద్దరి పార్టీలూ కొట్టుకున్నాయి. రోడ్డు మీద పోయగలిగినంత చవగ్గా ఎందుకున్నాయన్నది మాత్రం ఎవరి స్కోప్‌లోకీ రాలేదు.

కొరడాకు ఒక పిడి, ఒక కొస ఉంటాయి. పిడి ఎవడి చేతిలో ఉందో వాడికి దెబ్బ తగిలినట్టు ఎక్కడా చదవలేదు. కాయ ధర పడిందని సీసా ధర తగ్గించిన పళ్ళరసం కంపెనీ మాట కూడా నేను వినలేదు. ఊపంతా పైకి పైకి పోయి, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగక, పాకాల తోటల్లో తేలింది. పైకి పోయేకొద్దీ దెబ్బ పెద్దదవుతుందని ఆటే చెబుతోంది. అందరికంటే పైన కూర్చున్నవాడికి మాత్రం ఆటలో కుర్చీ వేయలేదు. ఇది మరుపు అని నేను అనుకోను. కుర్చీ వేస్తే వాడు మాట్లాడతాడు, వాడు మాట్లాడితే ‘తప్పు మనిషిది కాదు’ అన్న స్లైడు తీసేయాల్సి వస్తుంది.

బకాయిల చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవాడు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం ఉంది. అది అమలయ్యే తీరు మాట అటుంచండి, కనీసం కాగితం మీదైనా ఉంది. మామిడి తోట చిన్న పరిశ్రమ కాదు. కాబట్టి దానికి రోజుల లెక్క లేదు.

పోనీ మామిడి ఒక్కదాని పాపమా అంటే, మదనపల్లె టమోటా ఉండనే ఉంది. 2023 జూలై ఆఖరుకు మొదటి రకం కిలో 200 రూపాయల దాకా ఎగబాకింది. టీవీలన్నీ కోటీశ్వరులైన రైతులను చూపించాయి. ధర ఎగబాకడం మొదలైనప్పటి నుంచే జనం టమోటా నాటేశారు. ఆ పంట మార్కెట్టుకు పోటెత్తిన సెప్టెంబరుకల్లా ధర పది రూపాయల దరిదాపుల్లోకి పడిపోయింది. అప్పుడు అన్ని కెమెరాలు తోటల్లోకి రాలేదు. ఇక యూరియా. 2025 వానాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సొసైటీల ముందు మనుషులకు బదులు చెప్పులు, పట్టాదారు పాసుపుస్తకాలు వరసలో నిలబడ్డాయి. 266 రూపాయల 50 పైసల బస్తా కోసం తెల్లారుజామునే క్యూ. మనిషికి ఒకటో రెండో బస్తాలే అనగానే అక్కర్లేనివాడు కూడా వచ్చి నిలబడ్డాడు. రేషను పెడితే అవసరానికి మించి అడుగుతారని స్టాన్‌ఫర్డ్‌లో హౌ లీ, ఆయన సహచరులు 1997లోనే రాసిపెట్టారు. ఆ వ్యాసాన్ని స్లైడ్లుగా చేసి చెబుతున్న అధ్యాపకుడు, పొద్దున కాలేజీ బస్సులో ఆ చెప్పుల వరస పక్కనుంచే వచ్చి ఉంటాడు.

కాలేజీలకు ఇదంతా తెలియక కాదు. ఆటకు లైసెన్సు ఉంటుంది, లైసెన్సుకు బిల్లు ఉంటుంది, బిల్లుకు ఫోటో ఉంటుంది, ఫోటో కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ కమిటీ ఫైల్లోకి ‘ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్’ శీర్షిక కింద చేరుతుంది. చెప్పుల వరసకు లైసెన్సు లేదు. మామిడి మండీకి లాగిన్, పాస్‌వర్డ్ ఇవ్వరు. అక్కడికి పిల్లల్ని తీసుకెళ్తే సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం వేయించాలో తెలియదు. ఇంకో భయం కూడా ఉంది. గొలుసు నిజంగా ఎలా ఉందో తెలిసిపోయిన కుర్రాడు, రేపు ఏ గోడౌన్‌లోనో స్కానరు చేతికిచ్చి ‘లాజిస్టిక్స్ ఎగ్జిక్యూటివ్’ అని బ్యాడ్జి తగిలిస్తే, జీతం ఎంతని అడుగుతాడు.

ఆట మానేయమని నేననను. బాగుచేయమంటాను, దానికి డచ్చి వాళ్ళ అనుమతి కూడా అక్కర్లేదు. నాలుగు కుర్చీల పక్కన ఐదోది వేయండి. అందులో కూర్చున్నవాడికి చీటీ రాసే హక్కు ఉండదు. సరుకు వద్దనే హక్కు ఉండదు. ధర ఫ్యాక్టరీ కుర్చీవాడు చెబుతాడు, తూకంలో తరుగు కూడా వాడే కోస్తాడు. డబ్బు ఎప్పుడొస్తుందో పాచిక వేసి తేల్చండి, ఆరు పడితే వచ్చే ఏడాది. వారం వారం వడ్డీ మాత్రం తప్పకుండా రాయండి. మార్కులు నలుగురు వైస్ ప్రెసిడెంట్లకూ ఐదో కుర్చీవాడి అప్పును బట్టి వేయండి. ఆ తర్వాత ‘తప్పు ఎవరిది’ అని అడగండి. జవాబుకు స్లైడు అక్కర్లేదు.

ప్రిన్సిపాళ్ళకు ఒక మనవి. వచ్చే మామిడి కోతల నాటికి లైసెన్సు మళ్ళీ కట్టేముందు, ఆ డబ్బులో పదోవంతు పెట్టి ఒక బస్సు మాట్లాడండి. పూతలపట్టు రోడ్డు పెద్ద రోడ్డే, ఎంతసేపో పట్టదు. పిల్లల్ని ఒక రాత్రి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరసలో ఉంచండి. లోడు ఎన్ని గంటలు ఆగిందో, తరుగు ఎంత కోశారో, చీటీ మీద రాసిన ధర ఎంతో, డబ్బు ఏ తారీఖున పడుతుందన్నారో రాసుకుని రమ్మనండి. ఆ పాకాల అమ్మాయిని మాత్రం వదిలేయండి. ఆమె ఆ కోర్సు ఇంటి దగ్గరే పూర్తి చేసింది, ఫీజు వాళ్ళ నాన్న కట్టాడు.